మహిళా అధ్యయనం పోయి ‘మహిళా నాయకత్వం’ వచ్చింది: సదస్సులు ఎదిగాయా, పలచబడ్డాయా?

కృష్ణవేణి_లెక్చరర్:
మా యూనివర్సిటీలో ఏటా జరిగే మహిళా అధ్యయన సదస్సు పేరు ఈసారి ‘మహిళా నాయకత్వం, జెండర్ సమానత్వం’ అని మార్చారు. కమిటీలో నేనూ ఉన్నాను. పేరు మారితే పోయేదేముంది అని సగం మంది, అసలు విషయమే పోయింది అని మిగతా సగం. నా అనుమానం రెండో వైపే. 1981 ఏప్రిల్‌లో బొంబాయి ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో మొదటి జాతీయ సదస్సు పెట్టినప్పటి గొడవ ఆడవాళ్లు పై కుర్చీ ఎలా ఎక్కాలని కాదు. అర్థశాస్త్రం, చరిత్ర, చట్టం ఆడవాళ్ల పనిని ఎందుకు లెక్కలోకి తీసుకోవడం లేదని. మీరేమంటారు?

వాల్తేరు_పాతకాపు:
అమ్మా, మీ అనుమానం నిజమే. ఆ సదస్సు ఊరికే పుట్టలేదు. 1974లో కేంద్ర ప్రభుత్వం వేసిన మహిళల స్థితిగతుల కమిటీ నివేదిక వచ్చింది. 1901లో వెయ్యి మంది మగవాళ్లకి 972 మంది ఉన్న ఆడవాళ్లు 1971 నాటికి 930కి పడిపోయారని అందరి ముందూ పెట్టింది. రాజ్యాంగంలో సమానత్వం ఉంది కదా అని నిశ్చింతగా ఉన్న ప్రొఫెసర్లకి అది చెంపదెబ్బ. పోలీస్ స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద జరిగిన అత్యాచారం కేసులో పోలీసుల్ని వదిలేసిన తీర్పు మీద 1979లో నలుగురు లా అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ స్థితిగతుల కమిటీలో పనిచేసిన లతికా సర్కార్ ఆ నలుగురిలో ఒకరు. అంటే తరగతి గదికీ వీధికీ మధ్య తలుపు తెరిచే ఉండేది.

1982లో భారత మహిళా అధ్యయన సంఘం ఏర్పడింది. దాని సదస్సు 1988లో మా వాల్తేరుకే వచ్చింది. చర్చ గ్రామీణ మహిళలు, పేదరికం, పోరాటం మీద. ఆ తర్వాత నాలుగేళ్లకి నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. సదస్సు వల్లే లేచిందని నేననను, అది అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ల కడుపుమంట. కానీ సదస్సు చూడాల్సిన వైపే చూసింది. ఇప్పుడో? జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, గ్రూప్ ఫొటో. భోజనాల తర్వాత హాల్లో మిగిలేది పేపర్ చదవాల్సినవాళ్లే. ఫొటోలు మాత్రం కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్‌కి చూపించే ఫైల్లోకి.

అపర్ణ_హైదరాబాద్:
శాలువాలు అన్ని సదస్సుల్లోనూ ఉన్నాయి సార్, ఫిజిక్స్ వాళ్లు కప్పుకోవడం లేదా? నాయకత్వం అనే మాటని అంత తేలిగ్గా తీసెయ్యకండి. 2021-22 ప్రభుత్వ సర్వే ప్రకారం ఉన్నత విద్యలో 4.33 కోట్ల మంది చదువుతుంటే 2.07 కోట్ల మంది అమ్మాయిలే. అధ్యాపకుల్లోకి వచ్చేసరికి 100 మంది మగవాళ్లకి 77 మంది. ఇంకా పైకి వెళ్లే కొద్దీ ఆడవాళ్లని వెతుక్కోవాలి. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి 1920లో మొదటి ఛాన్సలర్ భోపాల్ బేగం. అలంకారపు పదవికి ఆడమనిషి అప్పుడే దొరికింది. సంతకం పెట్టే వైస్ ఛాన్సలర్ కుర్చీలో ఒక మహిళ కూర్చోడానికి 2024 రావాల్సి వచ్చింది!

నేను విభాగాధిపతిగా మూడేళ్లు చేశాను. బడ్జెట్ ఎలా చదవాలో, సెలెక్షన్ కమిటీలో ఎక్కడ అడ్డుకోవాలో ఏ మహిళా అధ్యయన పేపరూ నాకు నేర్పలేదు. ఉన్నత విద్యలో మహిళా మేనేజర్ల కోసం యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల కమిషన్) నడిపిన శిక్షణే నేర్పింది.

రమేశ్_1969:
మగవాళ్లకి సదస్సు ఎప్పుడు పెడతారో అది కూడా చెప్పండి.

అపర్ణ_హైదరాబాద్:
రమేశ్ గారూ, మా సెనేట్ మీటింగ్‌కి ఒకసారి రండి, అదే.

ఎర్రగడ్డ_స్కాలర్:
కృష్ణవేణి మేడం, వాల్తేరు సార్, మీ ఇద్దరూ చెప్పే పాత రోజుల్లోనూ మా అమ్మలు ‘అంశం’గానే ఉన్నారు. గ్రామీణ మహిళ, పేద మహిళ అని వాళ్ల మీద పేపర్లు చదివారు. చదివినవాళ్లలో దళిత మహిళలు ఎంతమంది? 1995లో జాతీయ దళిత మహిళా సమాఖ్య విడిగా పెట్టుకోవాల్సి వచ్చిందంటే పాత వేదిక కూడా అందరిదీ కాలేదనేగా? కాబట్టి ‘ఆ రోజులే వేరు’ అంటే నాకు ఎక్కదు. అలాగని నాయకత్వం సదస్సులూ ఎక్కవు. వాటిలో నాయకురాలంటే కంపెనీ సీఈఓ, ఐఏఎస్ మేడం. ఆశా వర్కర్ల యూనియన్ నడిపే ఆమెని రిసోర్స్ పర్సన్‌గా పిలిచిన బ్రోషర్ నాకింతవరకు కనబడలేదు. పైగా ఆమెకి టీఏ (ప్రయాణ ఖర్చు) ఇవ్వాలంటే ‘డిజిగ్నేషన్’ గడి దగ్గర ఆఫీసు వాళ్లు ఆగిపోతారు.

వాల్తేరు_పాతకాపు:
మా తరం వేదిక అందరిదీ కాదన్న మాటకి నా దగ్గర జవాబు లేదు బాబూ. అయినా పేరు సంగతి వదలను. 2003లో యూజీసీ మన యూనివర్సిటీల మహిళా అధ్యయన కేంద్రాల పేర్లలో ‘కుటుంబం’ చేర్చబోతే దేశమంతా అధ్యాపకులు ఎందుకు అడ్డం తిరిగారు? పేరును బట్టే నిధులు, నిధుల్ని బట్టే సిలబస్. ‘నాయకత్వం’ అన్నాక తప్పంతా ఆడపిల్లలో ధైర్యం లేకపోవడం మీదికి పోతుంది. హాస్టల్ గేటు సాయంత్రమే ఎందుకు మూస్తున్నారని ఎవరూ అడగరు.

అపర్ణ_హైదరాబాద్:
గేటు టైమింగ్ మీద సంతకం వార్డెన్‌ది, ఆమె మీద రిజిస్ట్రార్‌ది. ఆ కుర్చీలు మనకొద్దంటే గేటు ఎవరు తెరుస్తారు?

ఎర్రగడ్డ_స్కాలర్:
మా హాస్టల్ వార్డెన్ కూడా మహిళే మేడం. గేటు మాత్రం అదే టైముకి మూస్తున్నారు.

కృష్ణవేణి_లెక్చరర్:
పేరు ఇక మారదు, ఆహ్వాన పత్రికలు ప్రింటుకి వెళ్లాయి. ప్రోగ్రాం మాత్రం ఇంకా నా చేతిలో ఉంది. ప్రారంభ సభని 40 నిమిషాలకి కుదించి, మధ్యాహ్నం మొత్తం ఒకే చర్చ పెడదామనుకుంటున్నాను: లైంగిక వేధింపుల మీద మన క్యాంపస్ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి. 2015 యూజీసీ నిబంధనల ప్రకారం ఏటా నివేదిక ఇవ్వాలి కాబట్టి అంకెలు ఉండాలి. కమిటీ అధ్యక్షురాలే వచ్చి చెప్పాలి, అపర్ణ గారు అన్న నాయకత్వం అక్కడ చూద్దాం. స్కాలర్ గారూ, ఆ యూనియన్ ఆవిడని మీరే మాట్లాడి ఒప్పించండి. డిజిగ్నేషన్ గడిలో ‘ప్రధాన కార్యదర్శి’ అని రాస్తాను, ఆఫీసు ఏమంటుందో చూద్దాం.