అప్‌డేట్: పాడేరు వైపు మా ఊరి నుంచే నాన్న గుండె చెకప్

స్టెంట్ పడిన నాన్నని ప్రతి చెకప్‌కీ విశాఖ తిప్పకుండా దారేదైనా ఉందా అని అడిగాను కదా, ఈ-సంజీవనిలో (వీడియోలో డాక్టర్‌తో మాట్లాడించే ప్రభుత్వ సర్వీసు) చూపించాం. ఇంట్లో సిగ్నల్ నిలవదు, అందుకే విలేజ్ హెల్త్ క్లినిక్‌కి వెళ్లాం. అక్కడి ఎంఎల్‌హెచ్‌పీ (క్లినిక్ చూసుకునే హెల్త్ వర్కర్) మేడమ్ బీపీ, బరువు చూసి డాక్టర్‌కి వీడియో కలిపారు. పాదం మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, గుంట పడుతోందేమో చూడమన్నారాయన. పడింది! అంటే ఒంట్లో నీరు చేరిందన్నమాట. నీరు పోయే మాత్ర డోసు మార్చి, రోజూ పొద్దున్నే బరువు చూసి రాసుకోమన్నారు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు అడక్కుండా ఆపొద్దని మరీ మరీ చెప్పారు (కడుపులో మంట అని మానేసే రకం మా నాన్న). ఛాతీలో నొప్పొస్తే మాత్రం వీడియో కోసం కూర్చోకుండా 108కి చేయాలట. ఎకోకి (గుండె స్కాన్) విశాఖ తప్పదు, పండగయ్యాక తీసుకెళ్తా.