మీడియం వేవ్ రేడియోకి చేసిన లూప్ యాంటెన్నా 1250 కిలోహెర్ట్జ్ దాటడం లేదు, చుట్లు తగ్గించాలా?

60 సెం.మీ. చదరపు చెక్క ఫ్రేము, 22 గేజ్ ఎనామిల్ తీగ 12 చుట్లు, చుట్టుకీ చుట్టుకీ 3 మి.మీ. ఎడం. పాత వాల్వు రేడియో గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్ పట్టడానికి తిప్పేది), రెండు భాగాలూ కలిపి 500 పికోఫారడ్లు. ట్రాన్సిస్టర్ రేడియోను లూప్ పక్కన పెడితే చాలు, వైరు కలపక్కర్లేదు.

ఆకాశవాణి హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖ 927 కిలోహెర్ట్జ్ చక్కగా పీక్ అవుతున్నాయి (బలంగా వినిపిస్తున్నాయి). కండెన్సర్ పూర్తిగా తెరిచినా 1250 దగ్గరే ఆగిపోతోంది. చుట్ల మధ్య కెపాసిటెన్స్ (పక్కపక్క తీగలే కండెన్సర్‌లా పనిచేయడం) ఎక్కువైందని అనుమానం. కండెన్సర్‌లో ఒక భాగాన్నే కలిపితే పైకి వెళ్తుంది కానీ కింద 738 పోతుందేమో. 10 చుట్లకు తగ్గించడమా, ఎడం 6 మి.మీ. చేయడమా? రెండూ చేసి చూసినవాళ్లు చెప్పగలరా?

ఇంకోటి: ఎల్ఈడీ బల్బు వల్ల రేడియోలో వచ్చే గుర్రుమనే రొద లూప్ తిప్పితే తగ్గుతోంది, స్టేషనూ అదే దిక్కున ఉంటే ఏం చేస్తారు?