స్టాలిన్‌గ్రాడ్‌లో 8ఎక్స్ స్కోప్ ఎవడిచ్చాడండీ?

గట్టుకాపలా (భీమవరం):
మా వాడు కొత్త యుద్ధం గేమ్ వేయించుకున్నాడు. 1942, స్టాలిన్‌గ్రాడ్, చేతిలో రష్యావాళ్ళ మోసిన్ నగాంట్ రైఫిల్. దానికి 8ఎక్స్ స్కోప్, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది. అందులో కన్ను పెడితే నాలుగు వీధుల అవతలున్న జర్మన్ వాడి మీసం కనబడుతోంది. అప్పట్లో ఆ తుపాకీకి బిగించిన పీయూ స్కోప్ 3.5 రెట్లు. దానికి ముందున్న పీఈ 4 రెట్లు. జర్మన్ల కార్98కే రైఫిల్ మీద పెట్టిన జడ్‌ఎఫ్41 మరీ ఘోరం, ఒకటిన్నర. మరి ఈ 8ఎక్స్ ఏ సంతలో కొన్నారు? పైగా లోపల మిల్ డాట్లు, అదే దూరం అంచనా కట్టే చుక్కలు! ఆ చుక్కలు 1970లలో వచ్చాయి. పీయూలో ఉండేది కింద నుంచి లేచే మొనదేలిన కడ్డీ, అటూ ఇటూ రెండు అడ్డగీతలు, అంతే.

కోనసీమ_కుర్రోడు:
8ఎక్స్ ఆ యుద్ధంలో లేదనుకుంటున్నారేమో. అమెరికా మెరైన్లు పసిఫిక్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ మీద యూనర్టల్ కంపెనీ 8ఎక్స్ వాడారు. పోస్టు దిద్దుకోండి.

గట్టుకాపలా:
మెరైన్లు స్టాలిన్‌గ్రాడ్ ఎందుకొచ్చారు బాబూ, వోల్గాలో పులస పట్టడానికా?

కోనసీమ_కుర్రోడు:
ఎటకారం వద్దు. ఉందా లేదా?

గూడెం_టీకొట్టు:
మిరపకాయ బజ్జీలు తెచ్చుకుని కూర్చున్నా. కానివ్వండి.

గట్టుకాపలా:
ఉంటే ఉంది, ఆ గేమ్‌లో ఉండకూడదు. మా రొయ్యల చెరువు మీద కొంగలు చూడ్డానికి 8ఎక్స్ బైనాక్యులర్ ఉంది నా దగ్గర. తెల్లారగట్ల గట్టు మీద కూర్చుని పెట్టుకుంటే, గుండె కొట్టుకున్నప్పుడల్లా అవతలి గట్టు గెంతుతుంది. గేమ్‌లో ఒక బటన్ నొక్కితే ఊపిరాగి గన్ను బండరాయిలా నిలబడిపోతుంది. ఇంకోటి. స్కోప్ సరిగ్గా బోల్టు పైనే ఉంటుంది కాబట్టి అయిదు తూటాల క్లిప్పు దూర్చే సందుండదు, ఒక్కోటీ వేలితో తోసుకోవాలి. ఇక్కడేమో క్లిప్పు స్కోప్‌లోంచి దూరి టక్కున దిగిపోతోంది.

తీర్థం_బెలూన్లు:
జగ్గన్నతోట తీర్థంలో తుపాకీకి స్కోప్ లేదు సరికదా, గొట్టమే వంకర. దాంతోనే పది బెలూన్లు కొట్టాను. ఫిన్లాండు స్నైపర్ సిమో హైహా కూడా 1939-40 చలికాలం యుద్ధంలో స్కోప్ లేకుండానే అయిదొందల పైచిలుకు మందిని కొట్టాడంటారు. అద్దానికి మంచు పడుతుందనీ, తల ఎత్తాల్సొస్తుందనీ వద్దన్నాడట.

కోనసీమ_కుర్రోడు:
క్లిప్పు సంగతి ఒప్పుకుంటా. 8ఎక్స్ సంగతి మాత్రం మీకు అర్థం కాలేదు. గేమ్ తెర మీద 80 డిగ్రీల లోకాన్ని ఇరికిస్తుంది. కూర్చున్న చోటి నుంచి మానిటర్ మీ కంటి ముందు ఆక్రమించేది 30 డిగ్రీల పైన కాస్త. అంటే జూమ్ లేకపోతే మనిషి ఉండాల్సిన దాంట్లో మూడో వంతుగా కనబడతాడు. దాన్ని 8 రెట్లు చేస్తే మీ కంటికి దక్కేది మూడు లోపే. మీ పీయూ కన్నా తక్కువ! నమ్మకపోతే ఫోన్ కెమెరా అడ్డంగా తిప్పి అవతలి గట్టు మీద కొబ్బరిచెట్టు చూడండి, తర్వాత వట్టి కంటితో చూడండి.

అసలు చరిత్ర తప్పంటే అద్దం మెరుపు. మొన్న టోర్నమెంటులో సూర్యుడు నా వీపు మీదున్నాడు, అయినా నా స్కోప్ దీపావళి మతాబులా మెరిసింది. దొరికిపోయాను. నాలుగు వేలు పోయాయి.

గట్టుకాపలా:
మీ డబ్బు పోతే సూర్యుడు ఎటున్నాడో గుర్తొస్తుందన్నమాట. మేం అడిగితే చాదస్తం.

కోనసీమ_కుర్రోడు:
చాదస్తమే. గురి కుదరక గేమ్ మీద పడుతున్నారు. మీ ఈడుకి చేప, పీత గేములున్నాయి, ఆడుకోండి.

గూడెం_టీకొట్టు:
ఆయ్! ఈడు దాకా ఎందుకండీ.

గట్టుకాపలా:
నేను ఆడను. మా వాడు ఆడతాడు.
మా తాత ఆ యుద్ధంలోనే .303 రైఫిల్ పట్టుకుని బర్మా వెళ్ళొచ్చాడు. "పొద కదిలితే కాల్చేవాళ్ళం, తగిలిందో లేదో తెలిసేది కాదురా" అనేవాడు. జపాను వాడి మొహం చూశావా అంటే, పట్టుబడ్డాకే చూశానన్నాడు. మొన్న ఇదే మా వాడికి చెప్పాను. తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "కనబడకపోవడమేంటి నాన్నా, ముత్తాతకి ఆడ్డం రాదు" అన్నాడు.

కోనసీమ_కుర్రోడు:
ఈడు మాట వెనక్కి తీసుకుంటున్నా, సారీ అండి.
కానీ మీ తాతగారి తుపాకీకి అసలు స్కోపే లేదు కదా. గేమ్‌లో ఆ 8ఎక్స్‌ని 3 రెట్లకి దించితే మీ వాడు నమ్ముతాడా? అప్పటి మన సైన్యంలో 25 లక్షల మంది ఉన్నారు, నేనాడిన గేముల్లో ఒక్కడూ కనబళ్ళేదు. దాని మీద పోస్టు పెట్టండి, మొదటి లైకు నాది.

గట్టుకాపలా:
పెడతా. ముందు ఆ 8ఎక్స్ తియ్యమనండి.
ఇందాక కొబ్బరిచెట్టు చూశాను. మూడో వంతు కాదు, సగం ఉంది.

కోనసీమ_కుర్రోడు:
ఫోన్ ముక్కుకి ఆనించి చూశారా?