లీజ్డ్ లైన్ నేరుగా స్విచ్‌కి గుచ్చేయొచ్చా, మధ్యలో రౌటర్ ఉండాల్సిందేనా?

పాలకొల్లు కుర్రాడు:
నమస్తే అండి. మాది రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీ. ప్లాంటు నరసాపురం దగ్గర, హెడ్డాఫీసు భీమవరంలో, కోల్డ్ స్టోరేజీ రాజోలు వైపు. భీమవరం నుంచి రెండుచోట్లకీ 50 ఎంబీపీఎస్ పాయింట్ టు పాయింట్ (రెండు చోట్లని నేరుగా కలిపే) లీజ్డ్ లైన్లు వేయిస్తున్నాం. ప్రొవైడర్ మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని ఈథర్‌నెట్‌గా మార్చే పెట్టె) పెట్టి ఈథర్‌నెట్ కేబుల్ చేతికిస్తాడు. మా దగ్గర సిస్కో కేటలిస్ట్ 3560-ఎక్స్ స్విచ్‌లున్నాయి, రౌటింగ్ చేస్తాయి. "కేబుల్ అదే, పోర్టు అదే, మళ్ళీ రౌటర్లెందుకు?" అంటారు మా ఓనరు గారు. ఇంటర్నెట్ లైన్ కూడా దాని మీదే దించేయమంటున్నారు. ఏం చెప్పమంటారు?

తణుకు నెట్‌వర్క్:
ఓనరు గారు అడిగింది న్యాయమేనండి. పాయింట్ టు పాయింట్ లైన్ వరకూ రౌటర్ దండగ. ఆ స్విచ్ ప్యాకెట్లను చిప్‌లోనే రౌట్ చేస్తుంది, 50 ఎంబీపీఎస్ దానికో లెక్క కాదు. పోర్టు మీద "నో స్విచ్‌పోర్ట్" (స్విచ్ పోర్టుని రౌటెడ్ పోర్టుగా మార్చే కమాండ్) కొట్టి, స్లాష్ 30 అడ్రస్ (రెండు చివర్లకి మాత్రమే సరిపడేది) ఇవ్వండి, అయిపోయింది. స్విచ్‌పోర్ట్‌గానే వదిలేస్తే మాత్రం మీ స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూపులు రాకుండా చూసే పద్ధతి) ప్యాకెట్లు ప్రొవైడర్ వైపు పోతాయి. అక్కడ అలాంటి ప్యాకెట్లని అడ్డుకునే బీపీడీయూ గార్డ్ ఉంటే వాళ్ళ పోర్టు మూసుకుపోతుంది. మీరేమో లైన్ పోయిందని ఫోన్లు చేస్తూ కూర్చుంటారు.

అమలాపురం:
అయిపోలేదండీ, అసలు కథ అక్కడే మొదలు. మీ పోర్టు పరుగు 1000 ఎంబీపీఎస్, కొనుక్కున్నది 50. పెద్ద కాలువ నిండుగా వస్తోంది కదా అని చేలోకి నీళ్ళన్నీ రావు, తూము ఎంతుంటే అంతే. కాలువైతే మిగిలిన నీళ్ళు గట్టు దగ్గర ఆగుతాయి. ప్రొవైడర్ దగ్గరున్న పోలీసర్ ఆపదు, ఎక్కువైన ప్యాకెట్లను పారేస్తుంది. ఫైలు కాపీ మొదలవగానే ఐపీ ఫోన్‌లో మాట ముక్కలైపోవడం అందుకే. మన వైపే ఆపి, వాయిస్‌ని ముందు పంపి, తక్కినవి వరసగా వదలాలి. షేపింగ్ అనే ఆ పని రౌటర్ చేసినంత బాగా స్విచ్ చెయ్యదు, దాని బఫర్లు (ప్యాకెట్లు ఆగే చోటు) చిన్నవి.

తణుకు నెట్‌వర్క్:
మీ మాట నిజమే, కానీ దారి ఉంది. 3560లో "ఎస్సార్సార్ క్యూ బ్యాండ్‌విడ్త్ లిమిట్" అనే కమాండ్ పంపే వేగాన్ని పోర్టు వేగంలో 10 నుంచి 90 శాతం మధ్య కట్టేస్తుంది. గిగాబిట్ పోర్టు మీద కనిష్ఠమే 100 ఎంబీపీఎస్ కాబట్టి పనికిరాదు. అందుకని ముందు పోర్టుని 100కి దించి, ఆపైన 45 శాతం పెట్టండి. శాతం ఆరేసి మెట్లుగా సర్దుకుంటుంది, అంకె అటూ ఇటూ అవుతుంది, అందుకే 50 అనలేదు. వేగం దించేటప్పుడు "స్పీడ్ ఆటో 100" అనండి. వేగం, డూప్లెక్స్ (ఒకేసారి రెండు వైపులా మాట్లాడటమా, హాఫ్ అయితే వంతులవారీగానా) రెండూ బిగించేసి, అవతల కన్వర్టర్ ఆటోలో ఉంటే అది హాఫ్ డూప్లెక్స్‌కి పడిపోతుంది. పింగ్ బాగానే వస్తుంది, లోడ్ పడ్డాక సీఆర్సీ ఎర్రర్లు (ప్యాకెట్లు పాడై రావడం) మొదలవుతాయి. అది పట్టుకోవడానికి నాకు ఒకసారి మూడు రోజులు పట్టింది.

రావులపాలెం:
షేపింగ్ సంగతి తర్వాత, లైన్ తెగితే ఏం జరుగుతుందో ముందు చూసుకోండి. మన డెల్టాలో ఫైబర్ సగం కాలువ గట్ల మీదే పోతుంది. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసేటప్పుడు పొక్లెయిన్ పళ్ళకి తగలని ఏడాది నేను చూడలేదు. మాకలాగే తెగింది. లైన్‌కి ఒక వీలాన్ (స్విచ్ లోపల విడిగా కట్టిన నెట్‌వర్క్) ఇచ్చి, దాని ఎస్‌వీఐ (ఆ వీలాన్‌కి ఉండే ఊహా పోర్టు) మీద ఐపీ పెట్టి, బ్యాకప్‌కి ఫ్లోటింగ్ స్టాటిక్ రౌట్ (అసలు దారి పోతేనే లేచేది) రాశాను. అంతా సరిగ్గానే ఉందనుకున్నాను. ఆ వీలాన్ పక్క స్విచ్‌కి వెళ్ళే ట్రంక్‌లో (చాలా వీలాన్లు కలిసి పోయే లింకు) కూడా ఉంది. ఒక్క పోర్టు బతికున్నా ఎస్‌వీఐ అప్‌లోనే ఉంటుంది కాబట్టి పాత రౌట్ పోలేదు, బ్యాకప్ లేవలేదు. బిల్లులు రాక లారీలు గేటు దగ్గర నాలుగు గంటలు నిలబడిపోయాయి, ఐసు కరిగిపోయింది. తప్పు నాదే.

తర్వాత తెలిసిందేమిటంటే, రౌటెడ్ పోర్టు పెట్టినా ఆరోజు గట్టెక్కేవాణ్ణి కాదు. ఫైబర్ తెగినా మీడియా కన్వర్టర్‌కి కరెంటు ఉంటే కాపర్ వైపు లైటు వెలుగుతూనే ఉంది. రౌటరున్నా ఇదే గతి. అందుకే ఆ లింకు మీద ఓఎస్‌పీఎఫ్ (రెండు చివర్లూ ఒకదాన్నొకటి పలకరిస్తూ దారులు తెలుసుకునే పద్ధతి) నడపండి. మామూలుగా 40 సెకన్లకి పక్కవాడు పోయాడని తెలుస్తుంది, హలో (పలకరింపు) 1, డెడ్ (పలకరింపు కోసం ఆగే గడువు) 4 పెడితే నాలుగు సెకన్లలో. మీ స్విచ్‌ల లైసెన్స్‌లో ఓఎస్‌పీఎఫ్ ఉందో లేదో ముందే చూసుకోండి.

అమలాపురం:
పాయింట్ టు పాయింట్ వరకూ నేను తగ్గుతాను. ఇంటర్నెట్ లైన్‌కి మాత్రం ఒప్పుకోనండి. 3560లో నాట్ (లోపలి అడ్రస్‌లని ఇంటర్నెట్ అడ్రస్‌గా మార్చేది) లేదు, వచ్చే కనెక్షన్లను గుర్తుపెట్టుకునే ఫైర్‌వాల్ లేదు. దానికి తోడు స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సదుపాయం (కొత్త స్విచ్‌లని దూరం నుంచే సెటప్ చేసేది) 4786 పోర్టు మీద అడక్కుండానే తెరిచి ఉంటుంది. 2018లో సీవీఈ-2018-0171 అనే భద్రతా లోపం బయటపడింది అందులోనే, తీవ్రత 10కి 9.8. లాగిన్ లేకుండానే బయటివాడు స్విచ్‌లో తన కోడ్ నడిపించవచ్చు. ఆ మోడల్‌కి కంపెనీ సపోర్ట్ 2021లోనే ముగిసింది, రేపు కొత్త కన్నం పడితే పూడ్చేవాళ్ళు లేరు. ప్లాంటు మొత్తాన్ని నడిపే స్విచ్‌ని వీధి గుమ్మంలో నిలబెడతారా? ఇంటర్నెట్‌కి చిన్నదో చితకదో ఒక ఫైర్‌వాల్ కొనాల్సిందే.

తణుకు నెట్‌వర్క్:
ఆ విషయంలో మీ వైపే నేనూ. లోపలున్న స్విచ్‌ల మీద కూడా "నో వీస్టాక్" (స్మార్ట్ ఇన్‌స్టాల్‌ని ఆపే కమాండ్) కొట్టెయ్యండి.

పాలకొల్లు కుర్రాడు:
ఓనరు గారితో ఇప్పుడే మాట్లాడానండి. ఒక ఫైర్‌వాల్‌కి ఒప్పుకున్నారు, ఒక్క రాజోలు చివర తప్ప, రెండు లైన్లూ స్విచ్‌లకే దించుతున్నాం. రాజోలు కన్వర్టర్ ఎస్‌ఎఫ్‌పీ (గుచ్చే చిన్న మాడ్యూల్) రకం, గిగాబిట్ తప్ప పలకదట. 100కి దించడం అక్కడ కుదరదు. ఆ ఒక్కచోటికి పాత రౌటర్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.