సముద్రంలో పడిన బెలూన్ పెట్టె నిటారుగా తేలడం లేదు, సలహా కావాలి

గుంటూరు నుంచి వాతావరణ కొలతల కోసం, అనుమతులు తీసుకుని లేటెక్స్ బెలూన్లు ఎగరేస్తున్నాం. జనవరిలో వదిలిన రెండూ పోయాయి. ఆ నెలలో పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గాలి పడమటి నుంచి బలంగా వీస్తుంది కాబట్టి రెండూ మచిలీపట్నం దాటి బంగాళాఖాతంలో దిగాయి. రెండోది ఉదయం 7:10కి వదిలాం. చివరి సంకేతం 9:32కి, 1,400 మీటర్ల ఎత్తులో, తీరానికి 11 కిలోమీటర్ల దూరంలో అందింది. గిలకలదిండి నుంచి పడవలో వెళ్లి మూడు గంటలు వెతికినా దొరకలేదు.

బెలూన్ పగిలాక పారాచూట్‌తో కిందికి దిగే పరికరాల పెట్టె థర్మోకోల్‌ది, 900 గ్రాములు. పెట్టె ఎక్కడుందో చెప్పే లోరా (తక్కువ కరెంటుతో దూరానికి సంకేతాలు పంపే రేడియో) ట్రాన్స్‌మిటర్ 865 మెగాహెర్ట్జ్. జీపీఎస్‌ను ఎక్కువ ఎత్తులో పనిచేసే మోడ్‌లోనే పెట్టాం, 18 కిలోమీటర్లు దాటాక కూడా ఆగలేదు. చిక్కంతా నీటిలోనే. యాంటెన్నా ఉప్పునీటిలో మునిగితే సంకేతం బయటకు రాదు.

మంగినపూడి తీరంలో పరీక్షించి చూశాం. అడుగున 150 గ్రాముల సీసం కడితే పెట్టె అలల్లో కూడా చక్కగా నిలబడింది. పారాచూట్ తగిలించగానే అది నీరు పట్టి, నాలుగు నిమిషాల్లో పెట్టెను పక్కకు పడేసింది. తాడు పొడవును 2 మీటర్ల నుంచి 5 మీటర్లకు పెంచినా అంతే. పారాచూట్ అంచుకు థర్మోకోల్ ముక్కలు కుడితే గాలిలో సరిగా విచ్చుకోలేదు. కొలతలన్నీ లోపలి మెమరీ కార్డులోనే ఉంటాయి; పైగా ఆ చెత్తను సముద్రంలో వదిలేయడానికి మనసొప్పడం లేదు.

మొత్తం బరువు 1.2 కిలోలు దాటకుండా, తడిసిన పారాచూట్ లాగుతున్నా యాంటెన్నా కనీసం ఆరు గంటలు నీటిపైనే ఉండాలంటే, పారాచూట్ తాడును పెట్టెకు ఎక్కడ, ఎలా కట్టాలి?