ట్రూడోస్ పల్లెలకు గైడుతో ఒక్కరోజు టూరు: వెళ్లవచ్చా, మానుకోవాలా?

రమణ_లిమసోల్

సైప్రస్‌లో ఉంటున్న తెలుగువారందరికీ నమస్కారం. అమ్మా నాన్నా వచ్చి రెండు వారాలైంది. పోయిన ఆదివారం వాళ్లను గైడు ఉన్న టూరులో ట్రూడోస్ కొండల మీదికి తీసుకెళ్లాను. కొండదారి నడక, పల్లెల వారసత్వం, రెండూ ఒకే రోజులో చూపిస్తామన్నారు. పొద్దున ఎనిమిదికి లిమసోల్‌లో వ్యాను ఎక్కాం. ఒమొదోస్‌లో నలభై నిమిషాలు, ప్లాత్రెస్ పైన కాలెడోనియా జలపాతం దగ్గర గంట, కాకోపెత్రియాలో భోజనం, అసినూ చర్చిలో పావుగంట.

నా బాధంతా ఆ పావుగంట గురించే. బయటినుంచి చూస్తే అసినూ పెంకుటింటిలా ఉంటుంది. మంచుకు తట్టుకోవడానికి అంత ఏటవాలు కప్పు వేశారట. లోపలికి అడుగు పెడితే నేల నుంచి పైకప్పు దాకా బొమ్మలే. వాటిలో తొలినాటివి 1105-06 నాటివి. ట్రూడోస్ చర్చిలు యునెస్కో జాబితాలో చేరింది (1985లో) ఈ బొమ్మల వల్లే. చర్చి కట్టించిన నికిఫోరోస్ అనే ఆయన, అదే చర్చిని చిన్న బొమ్మంత చేసి చేతుల్లో పట్టుకుని దేవుడికి సమర్పిస్తున్నట్టు ఒక గోడ మీద గీశారు. మా నాన్న ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టారు. ఆ బొమ్మ ముందు నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుని, ‘ఒరేయ్, ఈయన వేళ్లు చూడు’ అని మొదలుపెట్టారో లేదో, గైడు చేతి గడియారం చూసుకుంది. వ్యానులో సీటు బెల్టు పెట్టుకునేదాకా ఆయన మాట్లాడలేదు.

నాలుగు చోట్లు చూశామని చెప్పుకోవడానికి తప్ప ఇలాంటి టూర్లు ఎందుకూ పనికిరావని నా అభిప్రాయం. ఊరికీ లాభం లేదు, చూసేవాడికీ లేదు. కారు అద్దెకు తీసుకోండి, ఇక్కడా ఎడమవైపే నడపాలి, మనకు కష్టం కాదు. ఒక్క ఊరు ఎంచుకుని రోజంతా అక్కడే ఉండండి. కాదనేవారు ఉంటే చెప్పండి.

సుజాత_కొండపల్లె

రమణ గారూ, ‘కారు తీసుకోండి’ అనడం తేలికే. నాకు లైసెన్సు లేదు. నాలాగా ఇక్కడ ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామందికి లేదు. సెలవు ఆదివారం ఒక్కటే.

పల్లె బస్సులు ఉన్నాయిగా అంటారేమో. ఆ బస్సు ఊరివాళ్ల కోసం వేసింది. పొద్దున్నే కొండ దిగి పట్నం పోతుంది, మధ్యాహ్నం మళ్లీ పైకి వస్తుంది. పట్నం నుంచి కొండకు వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లాలనుకునేవాళ్లకు ఆ వేళలన్నీ తలకిందులు. ఆదివారమైతే అదీ అంతంతమాత్రమే. నికోసియాలో పనిచేసే నా స్నేహితురాలు నాలుగేళ్లు ఈ దేశంలో ఉండి, మొదటిసారి కొండను చూసింది మీరు తిట్టిన అలాంటి టూరులోనే.

ఇక ఊరికి లాభం సంగతి. నేను ఉండేది ట్రూడోస్‌లోని ఒక చిన్న ఊళ్లో. ఊరి పేరు రాయను. వ్యాను వచ్చి ఆగుతుంది. పదిహేను మంది దిగితే పదిమంది నేరుగా కాఫీ దుకాణంలో మరుగుదొడ్డికి వెళ్తారు. ముగ్గురు కాఫీ తాగుతారు. ఒకరు దుకాణాయన పిల్లిని ఫోటో తీస్తారు. దుకాణాయన ఏమీ అనడు, మరుగుదొడ్డి కడిగేది ఆయన భార్య కాబట్టి. భోజనం డబ్బు మాత్రం టూరువాళ్లు ముందే మాట్లాడుకున్న ఒక్క హోటలుకే పోతుంది. ఈ విషయంలో మీతో ఏకీభవిస్తాను.

కానీ చలికాలంలో మా వీధిలో దీపం వెలిగే ఇళ్లు ఐదు. వ్యాను వచ్చే రోజున నేను చూసుకునే యాయా (ఇక్కడ నాయనమ్మను అలాగే అంటారు) తలదువ్వుకుని గుమ్మం ముందు కుర్చీ వేయించుకుంటుంది. ఎవరూ పలకరించకపోయినా కూర్చుంటుంది. రాకపోతే మేలు అని నేను ఎలా అనగలను?

రమణ_లిమసోల్

అక్కా, లైసెన్సు సంగతి నిజమే, ఆ కోణం ఆలోచించలేదు. అయినా ఎవరూ పలకరించని పెద్దావిడ గుమ్మంలో కూర్చుంటుందంటే, అది నా వాదనకే బలం కదా?

నిర్వాహకుడు

ఒక సభ్యుడు టూరు సంస్థ పేరు రాశారు, తీసేశాను. సంస్థల పేర్లు వద్దు. చర్చ కొనసాగించండి.

శ్రీధర్_నికోసియా

నేను భూగర్భశాస్త్రం విద్యార్థిని. గైడు లేని నడక వృథా అని నా వాదన, రమణ గారికి నచ్చకపోయినా సరే. మంచి గైడు లేని నడక అని దిద్దుకుంటాను.

ట్రూడోస్ మొత్తం ఒకప్పటి సముద్రపు అడుగు. సుమారు తొమ్మిది కోట్ల ఏళ్ల కిందట ఏర్పడిన ఆ అడుగు పైకి లేచి కొండ అయింది. దాని అమరిక మామూలు లెక్కకు విరుద్ధం. 1,952 మీటర్ల ఒలింపోస్ శిఖరం చుట్టూ కనిపించేవి భూమి లోపలి పొర, అంటే మాంటిల్ నుంచి వచ్చిన రాళ్లు. సముద్రం అడుగున నీళ్లు తగిలి గడ్డకట్టిన లావా మాత్రం కొండ కింది వాలుల్లో ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తాల్లా ఉంటుంది, అందుకే దిండు లావా అంటారు. అంటే పైకి ఎక్కుతున్నకొద్దీ మీరు భూమిలోకి దిగుతున్నట్టు. ఇది చెప్పేవాడు పక్కన లేకపోతే కాలెడోనియా అంటే పన్నెండు మీటర్ల జలపాతం. అంతకన్నా పెద్దవి మన దగ్గర వానాకాలంలో బోలెడు.

నా ఫిర్యాదు వేరే. ప్లాత్రెస్ వైపు నుంచి కాకోపెత్రియాకు పోయే దారిలో అమియాంతోస్ దగ్గర కొండను మెట్లు మెట్లుగా తవ్వేసిన పెద్ద గుంట కనిపిస్తుంది. అది ఆస్బెస్టాస్ గని, 1988లో మూసేశారు. ఇప్పుడు ఆ మెట్ల మీద మట్టి పోసి చెట్లు పెంచుతున్నారు. పాత బడి భవనాన్ని ట్రూడోస్ జియోపార్కు (భూగర్భ విశేషాలను కాపాడి చూపించే ప్రాంతం) సందర్శకుల కేంద్రంగా మార్చారు. రమణ గారూ, మీ గైడు అక్కడ ఆపిందా? ఆపి ఉండదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తరాల తరబడి, ఊపిరితిత్తులను పాడుచేసే ఆ ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేశారు. ఒమొదోస్‌లో చూపించే పాత ద్రాక్ష తొక్కే తొట్టి వారసత్వమైతే ఈ గని కాదా?

రమణ_లిమసోల్

ఆపలేదు. కిటికీలోంచి చూసి అమ్మ క్వారీ అనుకుంది.

నర్సాపురం_ఆడపడుచు

లేసుకు పేరుపడ్డ లెఫ్కరా పల్లె సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. మాది నర్సాపురం దగ్గర. మా అమ్మ, పిన్ని, మేనత్త అందరూ లేసు అల్లినవాళ్లే. మాది క్రోషే సూదితో దారాన్ని అల్లే పని. లెఫ్కరా వాళ్లది గుడ్డలోంచి దారాలు లాగి, మిగిలినవాటిని సూదితో కట్టే పని. చేయి వేరు, మెడనొప్పి ఒకటే. వాళ్ల పనికి 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మా లేసుకు 2024లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చింది.

లార్నాకా నుంచి టూరులో వెళ్లాను. గైడు అందరికీ చెప్పే కథే చెప్పింది. 1481లో లియొనార్డో డా విన్చీ వచ్చి మిలాన్ చర్చికి బల్లగుడ్డ కొనుక్కెళ్లాడని. అది కథే. నాకు కావలసింది ఒక గుడ్డకు ఎన్ని రోజులు పడుతుంది, చేసినావిడకు ఎంత ముడుతుంది అన్నది. గైడుకు తెలియలేదు. వీధిలో కుర్చీ వేసుకుని కుడుతున్న పెద్దావిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. భాష రాదు. నా సంచిలోంచి అమ్మ అల్లిన చేతిగుడ్డ తీసి ఇచ్చాను. ఆవిడ ముందుగా దాన్ని వెనక్కి తిప్పి చూసింది. మా ఊళ్లో సరుకు చూసే కమీషను ఏజెంటు చేసేదీ సరిగ్గా అదే. తర్వాత తన ఒళ్లో గుడ్డ తిప్పి, రెండు వైపులా ఒకేలా ఉందని చూపించింది. మెలికలు తిరిగే ఒక గీత మీద వేలు పెట్టి ‘పొతామోస్’ అంది. నది అని అర్థమట, అది వాళ్ల పాత నమూనా. ఇంతలో వ్యాను హారను.

వెళ్లేటప్పుడు చూశాను, పక్క దుకాణంలో వేలాడుతున్నవి చాలావరకు యంత్రం మీద తయారైనవి. వెనక్కి తిప్పితే తెలిసిపోతుంది. గైడు అదే దుకాణం ముందు అందర్నీ ఆపింది. ఇది మాత్రం తప్పు. ఊరికి తీసుకురావడం తప్పు కాదు, తీసుకొచ్చి ఆ దుకాణంలో వదలడం తప్పు.

హరి_లార్నాకా

అదే లెఫ్కరాలో ఒక మసీదు కూడా ఉంది. ఆ ఊళ్లో టర్కిష్ సైప్రియట్లు ఉండేవారు. 1974లో టర్కీ సైన్యం దిగాక దీవి రెండు ముక్కలైంది, వాళ్లు ఉత్తరానికి, అక్కడి గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి వచ్చేశారు. పాఫోస్ కొండల్లో మొత్తానికి మొత్తం ఖాళీ అయిన పల్లెలు ఉన్నాయి. నేను వెళ్లిన రెండు టూర్లలోనూ ఈ మాట రాలేదు. ఒక గైడును అడిగితే ‘ఇవాళ వాతావరణం బాగుంది కదా’ అన్నాడు. అతన్నీ తప్పు పట్టలేను. వాళ్ల నాన్న ఎక్కడినుంచి వచ్చాడో నాకేం తెలుసు.

సుజాత_కొండపల్లె

హరి గారూ, ఆ ప్రశ్న వ్యానులో పదిమంది ముందు అడిగేది కాదు. మా యాయా ఉత్తరాన వదిలేసి వచ్చిన ఇంటి తాళంచెవి ఇప్పటికీ పక్క సొరుగులో ఉంది. నాకు చూపించడానికి ఆవిడకు ఏడాదిన్నర పట్టింది.

రమణ_లిమసోల్

నేను మొదట రాసినదాంట్లో ‘ఎందుకూ పనికిరావు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోను. నాలుగు చోట్ల బదులు రెండు చోట్లు పెట్టండని ఆ టూరువాళ్లకు రాశాను. జవాబు రాలేదు.

నిన్న అమ్మను అడిగాను, ఏం గుర్తుందని. అసినూ కాదు, జలపాతం కాదు. కాకోపెత్రియాలో భోజనమయ్యాక ఒక ముసలమ్మ చిన్న పళ్లెంలో చెంచాతో పెట్టిన నల్లటి తీపి, పక్కన గ్లాసు నీళ్లు. లేత అక్రోటు కాయను మొత్తంగా పాకం పట్టారట. అమ్మ దాన్ని ఉసిరి మురబ్బా అనుకుని, ‘చేదు ఎలా పోగొట్టావమ్మా’ అని తెలుగులోనే అడిగిందట. ఆవిడ గ్రీకులో ఏదో చెబుతూ నీళ్ల కుండ చూపించి, వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టిందట. అమ్మ ఎనిమిది అంటుంది, నాన్న పది అంటున్నారు.

సుజాత అక్కా, మీ యాయాను అడిగి చెప్పగలరా, ఎన్ని రోజులో?

సుజాత_కొండపల్లె

అడిగాను. నీళ్లు రోజూ మార్చాలట. ఎన్ని రోజులన్నది కాయను బట్టి. ‘కొరికి చూసుకోమను’ అంది.