ఇంటి నాస్‌కి కొత్త నాస్ డిస్కులా, సర్టిఫై చేసిన ఎంటర్‌ప్రైజ్ డిస్కులా?

గంటస్తంభం_విజయనగరం:
రెండు బేల (డిస్కు గూళ్ల) నాస్ పెట్టె, అంటే ఇంట్లో అందరి ఫైళ్లూ నెట్‌వర్క్ మీద దాచుకునేది. అందులో రెండు 8 టీబీ డిస్కులు మిర్రర్‌గా, అంటే ఒకే డేటా రెండిట్లోనూ ఉండే రెయిడ్ 1లో పెట్టాలి. ఇంటి ఫోటోలు, పెళ్లి వీడియోలు, పొలం కాగితాల స్కాన్లు అన్నీ కలిపి ఇప్పటికి 3 టీబీ దాకా ఉన్నాయి. పెట్టె రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది. ముందున్న దారులు మూడు. నాస్ కోసమే చేసిన ఐరన్‌వుల్ఫ్ (సీగేట్) గానీ రెడ్ ప్లస్ (వెస్టర్న్ డిజిటల్) గానీ కొత్తవి కొనడం ఒకటి. ఆన్‌లైన్‌లో అమ్మే ఎంటర్‌ప్రైజ్ (డేటా సెంటర్ తరగతి) డిస్కులు, అంటే వాడేశాక పరీక్షించి సర్టిఫై చేసిన ఎక్సోస్ (సీగేట్), అల్ట్రాస్టార్ (వెస్టర్న్ డిజిటల్) తెప్పించడం రెండోది. అదే డబ్బుకి ఇంకా పెద్ద సైజు వస్తోంది. ఇక్కడి షాపుల్లో అడిగిన వెంటనే చేతికిచ్చే సీసీ కెమెరా డిస్కులు, పర్పుల్, స్కైహాక్, మూడోది. ఏది నమ్మొచ్చో కారణంతో సహా చెప్పండి.

నాగావళి_ఒడ్డు:
కొత్త నాస్ డిస్కులే కొనండి బాబూ. ఎంటర్‌ప్రైజ్ డిస్కు మీద కంపెనీ ఇచ్చే అంకెలు చూసి జనం పడిపోతున్నారు. ఎక్సోస్‌కి ఏడాదికి 550 టీబీ పనిభారం (చదవడం, రాయడం కలిపి), ఐరన్‌వుల్ఫ్‌కీ రెడ్ ప్లస్‌కీ 180 టీబీ అని రాస్తారు. ఆ 180ని రోజులకి పంచితే రోజుకి దాదాపు 490 జీబీ. 3 టీబీ ఫోటోలున్న ఇంట్లో నెలకోసారి స్క్రబ్ (డిస్కులు మొత్తం చదివి సరిచూడటం) నడిపినా ఆ హద్దు దాటదు. ఇక ఎంటీబీఎఫ్, అంటే సగటున ఎన్ని గంటలకి ఒక డిస్కు పోతుందని కంపెనీ చెప్పే అంకె. 10 లక్షల గంటలంటే ఏడాదికి 0.88 శాతం డిస్కులు పోతాయని లెక్క, 25 లక్షల గంటలంటే 0.35 శాతం. ఆ రెండో అంకె కొత్త డిస్కుకి, వారంటీ కాలానికి, కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతలో. 40,000 గంటలు తిరిగిన డిస్కు నాలుగున్నరేళ్లు పనిచేసి వచ్చింది. దానికి ఆ 0.35 వర్తించదు.

ఏది కొన్నా ముందు చూడాల్సింది ఒకటుంది: డేటా ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆరా, ఎస్ఎంఆరా అన్నది. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదున్న వరసలన్నీ ఎత్తాలి. రోజువారీ వాడకంలో ఇది తెలీదు, ఎందుకంటే డిస్కులో ఉన్న చిన్న సీఎంఆర్ జాగా రాతల్ని ముందు పట్టుకుంటుంది. రీబిల్డ్‌లో, అంటే పోయిన డిస్కు బదులు కొత్తది పెట్టి డేటా నింపేటప్పుడు, గంటల తరబడి ఆపకుండా రాస్తే ఆ జాగా నిండిపోయి వేగం పాతాళానికి పడిపోతుంది. జవాబు ఆలస్యమైతే రెయిడ్ ఆ డిస్కు చచ్చిపోయిందనుకుని బయటికి తోసేస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ మీద గొడవైంది దీనికే: 2 నుంచి 6 టీబీ దాకా రెడ్ డిస్కుల్లో ఈఎఫ్ఏఎక్స్ తోక ఉన్నవి చెప్పకుండా ఎస్ఎంఆర్‌కి మార్చేశారు. రెడ్ ప్లస్ అనే పేరు ఆ తర్వాతే వచ్చింది, అవి సీఎంఆర్. కాబట్టి షాపులో "రెడ్" అంటే చాలదు, "ప్లస్" ఉందో లేదో లేబుల్ మీద చదవాలి. బారకుడా 8 టీబీ, అంటే ఎస్‌టీ8000డీఎం004, ఎస్ఎంఆరే. చవకని దాన్ని మాత్రం తేవద్దు.

పలాస_సర్వర్:
ఎస్ఎంఆర్ విషయంలో నాగావళి గారితో పేచీ లేదు. మిగతాది ఒప్పుకోను. పాత డిస్కంటే పోయే డిస్కని ముందే తేల్చేస్తున్నారు. బ్యాక్‌బ్లేజ్ అనే కంపెనీ తన డిస్కులు ఎన్ని పోయాయో 2013 నుంచి లెక్కలు బయటపెడుతోంది. 2023లో ఏడాది మొత్తానికి 1.70 శాతం, 2024లో 1.57 శాతం. అవి రాత్రీ పగలూ తిరిగేవి, చాలావరకు ఎంటర్‌ప్రైజ్ తరగతివే, ఏళ్ల వయసున్నవీ అందులో ఉన్నాయి. ఆ పట్టికలు చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది: బ్రాండుకీ బ్రాండుకీ ఉన్న తేడా కన్నా ఒకే బ్రాండులో మోడల్‌కీ మోడల్‌కీ ఉన్న తేడా ఎక్కువ. సీగేట్ 3 టీబీ ఎస్‌టీ3000డీఎం001 ఘోరంగా పోయింది, అదే సీగేట్ వేరే మోడళ్లు ఏళ్లపాటు నిలబడ్డాయి. "ఆ కంపెనీ వద్దు, ఈ కంపెనీ కొను" అనే సలహాకి బలం లేదు.

రెండోది, చదవలేని సెక్టార్ల (డిస్కు మీది చిన్న డేటా ముక్కల) లెక్క. మామూలు నాస్ డిస్కులకి తరచుగా 10^14 బిట్లకి ఒకటి లోపు అని రాస్తారు, ఎక్సోస్, అల్ట్రాస్టార్‌లకి 10^15కి ఒకటి. 10^14 బిట్లంటే 12.5 టీబీ. మిర్రర్‌లో ఒకటి పోతే రెండోదాన్ని మొదట్నుంచి చివరిదాకా 8 టీబీ చదవాలి, అంటే 6.4×10^13 బిట్లు. అక్షరాలా వేస్తే ఎక్కడో ఒకచోట చదవలేకపోయే అవకాశం 47 శాతం. 10^15 అయితే 6 శాతం. ఈ తేడా చిన్నదేటి?

నాగావళి_ఒడ్డు:
పలాస అన్నా, ఆ 47 శాతం కాగితం మీదే. కంపెనీ రాసేది "ఇంతకు మించదు" అనే హద్దు, సగటు కాదు. అదే నిజమైతే 8 టీబీ నిండుగా ఉన్న ప్రతి డిస్కుకీ నెలవారీ స్క్రబ్‌లో రెండు నెలలకోసారి లోపం పడాలి. ఆరోగ్యంగా ఉన్న డిస్కుల్లో ఏళ్ల తరబడి ఒక్కటీ పడదు. పడితే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు: గూగుల్ వాళ్లు 2007లో లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనంలో, మొదటి స్కాన్ లోపం కనబడ్డ డిస్కు ఆ తర్వాత 60 రోజుల్లో పోయే అవకాశం, లోపం లేనివాటితో పోలిస్తే, 39 రెట్లని తేలింది.

మీ వాదనలో అసలు బలహీనత అమ్మేవాడి దగ్గరుంది. సర్టిఫై చేసింది కంపెనీయా, అమ్మేవాడా? చేసింది అమ్మేవాడే అయితే ఆ మాటకి విలువ అతని వారంటీ ఉన్నంతవరకే. పైగా స్మార్ట్‌లో, అంటే డిస్కు తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే నంబర్ల పట్టికలో, గంటల మీటర్ని సున్నా చేసేయొచ్చు. 2025 మొదట్లో జర్మనీలో బయటపడింది ఇదే: వేల గంటలు తిరిగిన ఎక్సోస్‌లని మీటరు తుడిచేసి కొత్తవిగా అమ్మారు. సీగేట్‌లో ఫార్మ్ అనే వేరే లాగ్ ఉంటుంది, వాళ్లు దాన్ని తుడవలేదు కాబట్టి దొరికారు. స్మార్ట్ పట్టిక చదివే ప్రోగ్రామ్ స్మార్ట్‌సీటీఎల్ 7.4 నుంచి ఆ లాగ్ చదువుతుంది. అందులో గంటలకీ మామూలు స్మార్ట్‌లో గంటలకీ పొంతన లేకపోతే డిస్కు వెనక్కి పంపేయాలి. అల్ట్రాస్టార్‌లో ఈ సదుపాయం లేదు.

భోగాపురం_ఉప్పుగాలి:
ఇద్దరూ డిస్కు లోపలే చూస్తున్నారు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో డిస్కుని ముందు చంపేది కరెంటు, తర్వాత గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. రెండిటికీ ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తుపాను లేని రోజున కూడా గాలివాన వస్తే కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు డిస్కు తన ప్లేట్లు తిరుగుతున్న ఊపుతోనే చదివే, రాసే హెడ్‌ని ర్యాంపు మీదికి లాక్కుంటుంది. మామూలుగా ఆపినదాని కన్నా ఇది హెడ్ మీద మోటుగా పడుతుంది. స్మార్ట్‌లో 192వ నంబరు దీన్ని లెక్కపెడుతుంది. 192 వేగంగా పెరుగుతోందంటే డిస్కు ఏ బ్రాండన్నది తర్వాత మాట, ముందు యూపీఎస్ చూసుకోవాలి.

ఇంటి ఇన్వర్టర్ ఉంది కదా అనుకోవద్దు. దాని స్విచ్ ఎకో మోడ్‌లో ఉంటే కరెంటు మారేటప్పుడు పడే ఖాళీకి నాస్ ఆగి మళ్లీ లేవొచ్చు. యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. విడిగా యూపీఎస్ కొంటే యూఎస్‌బీ పోర్టు ఉన్నదే అడగండి. మన షాపుల్లో కనబడే చవక 600 వీఏ మోడళ్లు చాలావాటికి ఆ పోర్టు ఉండదు. అది లేకపోతే బ్యాటరీ అయిపోతోందని నాస్‌కి తెలీదు, తనంతట తాను ఆగదు. కరెంటు పోయిన 5 నిమిషాలకి షట్‌డౌన్ అయ్యేలా సెట్ చేయండి. తుపాను హెచ్చరిక వస్తే ఆపేసి ప్లగ్గు కూడా పీకేయండి, కరెంటు తిరిగొచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరితే రెండు డిస్కులూ ఒకేసారి పోతాయి. మిర్రర్ అప్పుడు ఎందుకూ పనికిరాదు.

గాలి సంగతి. హీలియం డిస్కుల గది మూసి ఉంటుంది, గాలి డిస్కులకి ఫిల్టరున్న చిన్న రంధ్రం ఉంటుంది. కానీ ఉప్పు పట్టేది లోపల కాదు, కింద ఉన్న సర్క్యూట్ బోర్డుకీ సాటా పిన్నులకీ. అది రెండు రకాలకీ ఒకటే. కళింగపట్నం, బారువ, మా భోగాపురం లాంటి చోట్ల సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టె పెట్టకూడదు. స్మార్ట్‌లో 199వ నంబరు (దారిలో డేటా చెడిన లెక్క) పెరుగుతోందంటే తప్పు కేబుల్‌దో పిన్నులదో. డిస్కు మార్చేముందు దాన్ని బయటికి తీసి, కాంటాక్టులు తుడిచి, తిరిగి పెట్టి చూడండి. రేకుల గదిలోనూ అటక మీదా పెట్టొద్దు. మేలో కూడా డిస్కు 45 డిగ్రీలు దాటకుండా ఉండే జాగా చూడండి.

గంటస్తంభం_విజయనగరం:
యూపీఎస్‌కి పోర్టుండాలని తెలీదు, మంచిమాట చెప్పారు. సీసీ కెమెరా డిస్కు సంగతి ఎవరూ తేల్చలేదు. అలాగే ఎంటర్‌ప్రైజ్ తెప్పిస్తే చేతికొచ్చాక ఏం చేసి చూడాలి?

పలాస_సర్వర్:
డిస్కు నాస్‌లో పెట్టకముందే మొదలెట్టాలి. డిస్కు మీద సీరియల్ నంబర్ని కంపెనీ వారంటీ పేజీలో కొట్టండి. ఇండియాకి వర్తించదనో, ఓఈఎం సరుకనో (కంప్యూటర్ కంపెనీలకి అమ్మినదనో) వస్తే కంపెనీ వారంటీ మీకు రాదు, అమ్మినవాడి బిల్లే ఆధారం. పార్సిల్‌లో డిస్కు బబుల్ ర్యాప్‌లో వదులుగా దొర్లుతుంటే ఫోటో తీసి తిప్పి పంపండి, పెట్టి చూడొద్దు.

తర్వాత స్మార్ట్ మొత్తం తీసి ఫైల్‌గా దాచుకోండి. 5, 197, 198 (చెడి మార్చిన, అనుమానమున్న, చదవలేని సెక్టార్ల లెక్కలు) మూడూ సున్నా ఉండాలి. ఒకటీ రెండే కదా అని అమ్మేవాడు అన్నా వినొద్దు. ఆ తర్వాత లినక్స్ మీద బ్యాడ్‌బ్లాక్స్ అనే డిస్కు పరీక్ష ప్రోగ్రామ్‌ని రాసే పద్ధతిలో నడపండి. నాలుగు నమూనాలు రాసి నాలుగూ చదువుతుంది, అంటే డిస్కు మొత్తం ఎనిమిది సార్లు. 8 టీబీని సగటున సెకనుకి 180 ఎంబీ చొప్పున ఒకసారి దాటడానికి 12 గంటల పైన, మొత్తానికి నాలుగు రోజులు. బ్లాక్ సైజు 4096 ఇవ్వండి. 18 టీబీ, అంతకు మించినవైతే 8192 ఇవ్వాలి, లేకపోతే లెక్క 32 బిట్లు దాటి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. చివర్లో స్మార్ట్ లాంగ్ టెస్టు. మళ్లీ స్మార్ట్ తీసి పాత ఫైల్‌తో పోల్చండి. 5వ నంబరు ఒక్కటి పెరిగినా రిటర్న్ గడువు లోపలే పంపేయాలి. అందుకే పది రోజుల రిటర్న్ కన్నా తక్కువిచ్చే వాడి దగ్గర కొనకూడదు.

ఎక్సోస్‌లో 193 కూడా చూడండి. కొన్ని మోడళ్లు కాసేపు పని లేకపోతే హెడ్‌ని పార్క్ చేస్తాయి. 6 లక్షల సార్లకి రేటింగ్. గంటకి 68 చొప్పున పడితే ఏడాదిలో అయిపోతుంది. సీగేట్ వాళ్ల ఓపెన్‌సీచెస్ట్ ప్రోగ్రామ్‌తో ఆ టైమర్లు ఆపేయొచ్చు. ఇంకొకటి, మామూలు కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌కి (పవర్ సప్లైకి) తగిలించి టెస్ట్ చేస్తే కొన్ని ఎంటర్‌ప్రైజ్ డిస్కులు అసలు తిరగవు. సాటా పవర్‌లో 3వ పిన్నుకి 3.3 వోల్టులొస్తే ఆగిపోయేలా చేసినవవి. చచ్చిందనుకుని పంపేముందు ఆ పిన్ను మీద కాప్టన్ టేపు అంటించి చూడండి.

నాగావళి_ఒడ్డు:
అన్న చెప్పిన పరీక్ష కొత్త డిస్కుకీ చేయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు.

సీసీ కెమెరా డిస్కు గురించి. సీఎంఆర్ అని కంపెనీ పేజీలో ఉంటే పర్పుల్‌నీ స్కైహాక్‌నీ పెట్టొచ్చు. పనిభారం అదే 180 టీబీ, వారంటీ అదే మూడేళ్లు. ఆ డిస్కు లోపాన్ని వదిలేసి ముందుకు పోతుందని భయపెడతారు. అది రికార్డర్ ప్రత్యేకమైన స్ట్రీమింగ్ ఆదేశాలతో రాసినప్పుడే, నాస్ ఆ ఆదేశాలు పంపదు. చూడాల్సింది ఈఆర్‌సీ. చదవలేని సెక్టార్ మీద డిస్కు ఎంతసేపు కుస్తీ పడుతుందన్నదాన్ని అది నిర్ణయిస్తుంది. నాస్ డిస్కుల్లో 7 సెకన్లు. అది లేని డెస్క్‌టాప్ డిస్కు నిమిషాల తరబడి ప్రయత్నిస్తే, 30 సెకన్లకే లినక్స్ ఓపిక అయిపోయి లింకు రీసెట్ చేస్తుంది, మంచి డిస్కు రెయిడ్‌లోంచి పోతుంది. స్మార్ట్‌సీటీఎల్‌తో ఎస్‌సీటీ ఈఆర్‌సీ అడగండి, 70, 70 (అంటే 7 సెకన్లు) అని వస్తే చాలు. మీ పెట్టె సైనాలజీ కంపెనీదైతే కంపెనీ జాబితా చూసుకోండి. 2025 ప్లస్ మోడళ్లలో బయటి డిస్కులకి అడ్డం పెట్టి, వాళ్ల సాఫ్ట్‌వేర్ డీఎస్ఎం 7.3తో సడలించారు. ఆ అప్‌డేట్ లేకుండా పెట్టొద్దు.

నా మాట మారలేదు: ఒకటే అవకాశం ఉంటే కొత్త నాస్ డిస్కులు. కానీ గంటస్తంభం గారూ, మీ 3 టీబీకి రెండు కాదు, మూడు డిస్కులు కావాలి. మిర్రర్ మీరు పొరపాటున తుడిచేసినదాన్ని కూడా రెండు చోట్లా తుడుస్తుంది. మూడోది యూఎస్‌బీ కేసులో పెట్టి, వారానికోసారి కాపీ తీసి, ఊళ్లో కాకుండా విశాఖలోనో ఇంకెక్కడో చుట్టాల ఇంట్లో ఉంచాలి. పలాస అన్న చెప్పే సర్టిఫైడ్ డిస్కుని ఆ మూడో చోటికైతే నేనూ ఒప్పుకుంటాను.

పలాస_సర్వర్:
నేనైతే తిరగేస్తాను. మిర్రర్‌లో ఒకటి కొత్తది, ఒకటి సర్టిఫైడ్. ఒకే లాటులోంచి, ఒకే పెట్టెలోంచి వచ్చిన రెండు కొత్త డిస్కులకి ఒకే లోపం ఉంటే ఒకే నెలలో పోతాయి. వేరే వయసు, వేరే కంపెనీ అయితే ఆ ప్రమాదం తగ్గుతుంది. బ్యాకప్‌గా బీరువాలో ఉండేదే కొత్తదిగా ఉండాలి, దాన్ని రోజూ ఎవరూ పరీక్షించరు కాబట్టి.

నాగావళి_ఒడ్డు:
వేరే లాటు ఉండాలన్న మాట నిజం. దానికి పాతది అక్కర్లేదు, రెండు షాపుల్లో రెండు కంపెనీలవి కొత్తవి కొంటే సరిపోతుంది.

గంటస్తంభం_విజయనగరం:
వేరే కంపెనీలవి కలిపితే సైజు కొన్ని ఎంబీలు తక్కువై మిర్రర్ కట్టదంటారు, నిజమేనా?

నాగావళి_ఒడ్డు:
పాతకాలంలో ఉండేది. ఇప్పుడు కంపెనీలన్నీ ఒకే సూత్రం పాటిస్తున్నాయి. 8 టీబీ డిస్కు ఎవరిదైనా 15,628,053,168 సెక్టార్లు ఉంటాయి. స్మార్ట్‌సీటీఎల్ సమాచారంలో కెపాసిటీ 8,001,563,222,016 బైట్లని రెండిటికీ వస్తే నిశ్చింతగా కట్టుకోండి. సర్టిఫైడ్ డిస్కులో అంతకన్నా తక్కువ చూపిస్తే ఎవరో హెచ్‌పీఏ అనే ఏర్పాటుతో కొంత జాగా దాచారన్నమాట. హెచ్‌డీపార్మ్ అనే లినక్స్ ప్రోగ్రామ్‌తో దాన్ని తీసేసిన తర్వాతే బ్యాడ్‌బ్లాక్స్ మొదలెట్టండి. లేకపోతే ఆ దాచిన జాగాకి పరీక్ష జరగదు.